తుక్కు చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి

నేను చెప్పేవాటిలో సగం కొట్టేసి మిగతా సగం నమ్మమని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ గుమ్మంలోనే చెప్పి లోపలికి పంపుతుంది. పాతికేళ్ళ కాపురం మీద ఆవిడ తేల్చిన సంగతి అది, కాదనను. ఈ కథలో మాత్రం మీరు కొట్టేయాల్సింది ఒక్క మొసలినే. అది వచ్చినప్పుడు నేనే చెబుతాను. మిగతాదంతా జరిగినట్టే రాస్తున్నాను. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరి, మేనేజరు వస్తున్నాడంటే టేబుల్ సర్దేసే పిల్లలు చదవాలని నా కోరిక.

పోయినేడాది ఒక శనివారం, అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో మా ఇంటికి స్నేహితుడి కూతురు వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. నేను అప్పటికే ముందస్తు రిటైర్‌మెంట్ తీసుకుని, పెరట్లో బెండకాయలు పండిస్తూ, వాటి పొడుగు గురించి అందరికీ అబద్ధాలు చెబుతూ కాలక్షేపం చేస్తున్నాను. పిల్ల వచ్చీ రాగానే ల్యాప్‌టాప్ తెరిచింది.

"అంకుల్, బయటి దేశం కంపెనీ వచ్చి ఇక్కడ ఫ్యాక్టరీ పెడుతుంది కదా. దానివల్ల చుట్టూ ఉన్న లోకల్ కంపెనీలు బెటర్ అవుతాయా, దెబ్బ తింటాయా? నా రీసెర్చ్ అదే. దాన్ని స్పిల్‌ఓవర్ అంటారు."

"పాలు పొంగితే పొయ్యికి లాభమా అని అడుగుతున్నావా?"

"అంకుల్, ప్లీజ్! నాకు డేటా కావాలి. స్టోరీ వద్దు. డాడీ ముందే చెప్పాడు మీ గురించి."

"నా డేటా అంతా స్టోరీలోనే ఉంది తల్లీ. కాఫీ తాగి విను."

ఆ పిల్లకి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

రెండువేల ఆరో ఏడో అయ్యుంటుంది. అట్లాంటాకి ఉత్తరాన ఒక చిన్న కంపెనీలో నేను క్వాలిటీ మేనేజర్ని. ఇనప రేకుని ప్రెస్సు కింద పెట్టి, చిల్లులు కొట్టి, వంచి బ్రాకెట్లు చేసేవాళ్ళం. బ్రాకెట్టు అంటే మీరు జన్మలో చూడని వస్తువు. యంత్రం లోపలెక్కడో కూర్చుని ఇంకో రెండు వస్తువుల్ని పట్టుకుని ఉంటుంది. అది ఊడిన రోజునే దాని పేరు మీకు తెలుస్తుంది.

మా ఓనరుది ఆ కంపెనీలో మూడో తరం. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. ఎవరింట్లో చావు జరిగినా తనే వంట చేసి పట్టుకెళ్ళేంత మంచివాడు. కానీ మా పెద్ద కస్టమర్ కంపెనీ తన పనంతా వేరే దేశానికి తరలించేసింది. పది ప్రెస్సుల్లో ఆరింటికి టార్పాలిన్లు కప్పేశాం. ఎనభై మందిమి మిగిలాం. నా గ్రీన్‌కార్డ్ కాగితాలు ఆ కంపెనీ పేరు మీదే నడుస్తున్నాయి కాబట్టి, కంపెనీ మూతపడితే నేను మళ్ళీ లైను చివరికి వెళ్ళి నిలబడాలి. అందుకని ఆ కప్పిన టార్పాలిన్ల పక్కనుంచి నడిచినప్పుడల్లా వాటిని లెక్కపెట్టుకునేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే ఒక జపాన్ కంపెనీ పక్క కౌంటీలో, అంటే పక్క జిల్లా అనుకోండి, ఫ్యాక్టరీ కట్టింది. ఏం తయారుచేసేదో చెబితే పేరు చెప్పినట్టే అవుతుంది. చక్రాలుంటాయి అని మాత్రం అంటాను. వాళ్ళకి మాలాంటి బ్రాకెట్లు కావాలి. మూడు నెలలు నమూనాగా చేసి పంపమన్నారు. మా ఓనరు ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకి తగిలించాడు.

నాలుగు చిల్లులు, రెండు వంపులు. అంతకన్నా సులువైన బ్రాకెట్టు మా చరిత్రలో చేయలేదు. అయినా అదేం పాపమో, పంపిన ప్రతి పెట్టెలోనూ కొన్నిటికి నాలుగో చిల్లు వెంట్రుకంత పక్కకి జరిగి ఉండేది. రోజూ జరగదు. జరిగిన రోజు పొద్దున్నుంచీ జరగదు. ప్రెస్సు విప్పాను, అచ్చు మార్చాను, రేకు అమ్మినవాణ్ణి తిట్టాను, చివరికి ఒక శుక్రవారం ప్రెస్సుకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కూడా కొట్టాను. ఆ కొబ్బరి మా ఓనరు ఇష్టంగా తిన్నాడు. చిల్లు మాత్రం తన ఇష్టం వచ్చిన చోటికి పోతూనే ఉంది.

మూడు నెలలయ్యాక జపాన్ కంపెనీ నుంచి కబురొచ్చింది. తమ పెద్ద ఇంజనీరు ఒక రోజు మా దగ్గర గడుపుతాడు. ఆయన సరే అంటే ఆర్డరు. కాదంటే బ్రాకెట్లు జపాన్ నుంచే ఓడలో తెప్పించుకుంటారు.

ఇక్కడే నేను ఘనకార్యం చేశాను.

చుట్టం వస్తున్నాడంటే మనవాళ్ళు ఏం చేస్తారు? కుర్చీ మీద బట్టలన్నీ మూటకట్టి మంచం కిందకి తోస్తారు. జార్జియావాళ్ళకీ మనకీ ఈ ఒక్క విషయంలో తేడా లేదని నాకు ఆ వారమే తెలిసింది. "ఇల్లు అద్దంలా ఉండాలి" అన్నాడు ఓనరు. "మీరు నాకు వదిలేయండి" అన్నాను. నేలకి బూడిదరంగు పెయింట్ వేయించాను. పూలకుండీలు తెప్పించాను. ప్రెస్సుల పక్కన ఎర్ర డబ్బాల్లో మూడు నెలల రిజెక్ట్ పీసులు గుట్టలుగా పడి ఉన్నాయి. పెళ్ళిచూపుల ఇంట్లో అంట్లగిన్నెల్లా కనబడ్డాయి అవి నా కంటికి. ఆయన వచ్చే రోజు పొద్దున్నే తుక్కు యార్డు నుంచి ట్రక్కు రప్పించి, అన్నీ ఎత్తించి పంపేశాను. ఎర్ర డబ్బాలకి కూడా కొత్త పెయింట్ వేయించాను. దుమ్ము రాకుండా, లారీలు వెనక్కి పెట్టే పెద్ద షట్టరు దింపించేశాను.

అది చూసి ప్రెస్సు దగ్గర నిలబడ్డ ఆవిడ ఒక్కతే పెదవి విరిచింది. అరవై దాటిన మనిషి, ఆ ఒక్క ప్రెస్సు మీద ముప్ఫయ్యేళ్ళుగా పనిచేస్తోంది. నేను మనసులో ఆవిడకి ప్రెస్సమ్మ అని పేరు పెట్టుకున్నాను.

"హనీ, అవన్నీ ఎందుకు పంపేశావు?" అంది. అక్కడి పెద్దవాళ్ళు చిన్నవాళ్ళందర్నీ అలాగే పిలుస్తారు.

"చుట్టాలొస్తున్నారు కదా."

"ఊఁ" అంది ప్రెస్సమ్మ. నాలుగేళ్ళలో ఆవిడ నాతో అన్న ఊఁలు ఏరితే ఒక పుస్తకమవుతుంది. నేను ఒక్కదానికీ అర్థం అడగలేదు.

పది గంటలకి ఆయనొచ్చాడు. సన్నగా, పొట్టిగా, తలమీద గుడ్డ టోపీ, చేతులకి తెల్ల గ్లోవ్స్, చంకలో సొంత టీ ఫ్లాస్కు. ఓనరు ఆయన కోసం తెప్పించిన డోనట్ల పెట్టె వంక చూడనైనా చూడలేదు. నేరుగా మా ప్రెస్సు ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. గంటసేపు నిలబడ్డాడు. ప్రెస్సమ్మ పీసు తీస్తోంది, పెడుతోంది. ఒక్కటంటే ఒక్కటీ చెడిపోలేదు. నా గుండె ఎంత ఉబ్బిందంటే చొక్కా గుండీలు రెండు తెగాయి. సరే, ఒకటి తెగింది.

పదకొండింటికి ఆయన ఎర్ర డబ్బాలోకి తొంగిచూసి, వేలితో తడిమాడు. గ్లోవ్‌కి ఎర్ర పెయింట్ అంటుకుంది.

"చెడిపోయినవి ఎక్కడ?" అన్నాడు.

"లేవు సార్!" అన్నాను, ఫస్టు మార్కు వచ్చిన పిల్లాడిలా.

"మీ దగ్గర్నుంచి మాకు వచ్చినవాటిలోనే చెడ్డవి ఉన్నాయి. మీరు పట్టుకుని ఆపేసినవి అంతకన్నా ఎక్కువ ఉండాలి. అవి ఎక్కడ?"

ఓనరు నా వైపు చూశాడు. నేను పూలకుండీ వైపు చూశాను.

"తుక్కులోకి పంపేశాం సార్."

"ఎప్పుడు?"

"ఇందాక. పొద్దున్నే."

ఆయన టోపీ తీశాడు. కోప్పడితే బాగుండేది. చాలా మెల్లగా అన్నాడు. "మీ మంచి పీసులు చూడ్డానికి నేను రానక్కర్లేదు. అవి పెట్టెలో నా దగ్గరికే వస్తాయి. నేను వచ్చింది చెడ్డవాటిని చూడ్డానికి. అవి లేకపోతే నేను మీకు సాయం చేయలేను. మా వాళ్ళకి మీ గురించి చెప్పడానికీ నా దగ్గర ఏమీ ఉండదు. నాలుగున్నరకి బయల్దేరతాను." అని ఒక పెట్టె బోర్లించి దానిమీద కూర్చుని, ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు.

ఓనరు నన్ను పక్కకి తీసుకెళ్ళి తన పికప్ తాళాలు చేతిలో పెట్టాడు. ఒక్క మాటే అన్నాడు. "తీసుకురా."

యార్డు గంట దూరం. నేను ఎలా డ్రైవ్ చేశానో చెబితే ఇన్సూరెన్సు వాళ్ళు ఇప్పటికైనా వచ్చి పట్టుకుంటారు. దారిలో ఒక మొసలి రోడ్డుకి అడ్డంగా పడుకుని ఉంది, దాని చుట్టూ తిప్పి వెళ్ళాను. ఇదే ఆ కొట్టేయాల్సిన మొసలి. మా ప్రాంతంలో మొసళ్ళు లేవని మా ఆవిడ మ్యాపు తీసి మరీ చూపించింది.

యార్డు గేటు దాటేసరికి నా ప్రాణం పోయింది. బండెడంత అయస్కాంతం క్రేన్‌కి వేలాడుతోంది. దానికి మా బ్రాకెట్లు గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. అటుపక్క వాటిని నొక్కి దిమ్మలు చేసే యంత్రం నోరు తెరుచుకుని ఉంది. అప్పటికే మూడింట రెండు వంతులు దిమ్మలైపోయాయి.

యార్డు యజమాని గడ్డం పొట్ట దాకా ఉన్న మనిషి. పరుగెత్తుకెళ్ళి ఆయనకి నిజం చెప్పాను. గమనించండి, నిజమే చెప్పాను. "అయ్యా, జపాన్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మా చెడిపోయిన బ్రాకెట్లు చూస్తేగానీ వెళ్ళనంటున్నాడు. వాటిని వెనక్కి ఇచ్చేయండి."

ఆయన నన్ను కిందినుంచి మీదికి చూసి, "నాయనా, ఈ ఎండలో టోపీ లేకుండా తిరగకు" అని మళ్ళీ క్రేన్ వైపు తిరిగాడు.

క్రేన్ కదిలింది. అప్పుడు నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. "మా ఆవిడ పెళ్ళి ఉంగరం అందులో పడిపోయింది!"

"ఆపండీ!" అని ఆయన పెట్టిన కేకకి పక్క కౌంటీలో క్రేన్లు కూడా ఆగిపోయి ఉంటాయి. నలుగురు మనుషులు పరుగెత్తుకొచ్చారు. ఒకడు ట్రాక్టరు దిగివచ్చాడు. అందరూ మోకాళ్ళ మీద కూర్చుని బ్రాకెట్లు ఒక్కొక్కటే ఎత్తి చూడ్డం మొదలుపెట్టారు. ఉంగరం ఎలా ఉంటుందని అడిగారు. ఎలాగూ మొదలుపెట్టాను కదా అని, మా అమ్మమ్మ నాటి కెంపు, దాని చుట్టూ ఏడు ముత్యాలు, లోపల మా ఇద్దరి పేర్లూ అని చెప్పాను. ట్రాక్టరు మనిషికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

యజమాని అంతటితో ఆగలేదు. "ముందు ఆవిడకి ధైర్యం చెప్పాలి" అని నా చేత ఇంటికి ఫోన్ చేయించి, దాన్ని లాక్కున్నాడు.

"మేడమ్, మీరు బాధపడకండి. మీ కెంపు ఉంగరం కోసం నా మనుషులంతా వెతుకుతున్నారు."

మా ఆవిడది వరంగల్. ఆవిడ ఎంతసేపు ఆలోచించిందో తెలుసా? ఒక్క ఊపిరి. "దొరక్కపోతే ఇంటికి రావద్దని ఆయనకి చెప్పండి" అంది ఇంగ్లిష్‌లో, గొంతు వణికించి మరీ. ఆయన నా భుజం తట్టి ఫోన్ ఇచ్చాడు.

"మళ్ళ ఏం జేసినవ్?" అంది తెలుగులో.

"సాయంత్రం చెబుతా. కంపెనీ మునిగేట్టుంది."

"అది సరే. నాకు ఉంగరం ఎప్పుడు పెట్టినవ్ నువ్వు? మా దిక్కు కాళ్ళకు మెట్టెలే పెట్టిరి. ఇప్పుడు ఊరంత తెలిసింది గద, పోయిన ఉంగరం కొనుక్కొని రావాల్సిందే."

"కొంటా, కొంటా."

"కెంపుదే?" అంది. ఫోన్ స్పీకర్ మీద ఉందని అప్పుడు గమనించాను. నయం, అక్కడెవరికీ తెలుగు రాదు.

ఇలా ఒక్కొక్కటే వెతికితే సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాం. అందుకని, "మా ఆవిడ తన చేత్తో తనే వెతుక్కుంటానంటోంది, మిగిలిన గుట్టంతా ఇప్పించండి" అని బతిమాలాను. యజమాని మారు మాట్లాడకుండా ఉన్నదంతా తన ట్రక్కులోకి ఎత్తించి, తనే స్టీరింగు పట్టుకుని నా వెనకే వచ్చాడు.

మా ఫ్యాక్టరీ చేరేసరికి మూడు దాటింది. ట్రక్కు లోపలికి రావాలంటే పెద్ద షట్టరు ఎత్తాలి. ఎత్తారు. పడమటి ఎండ నేల మీద పొడుగాటి చీర పరిచినట్టు పడింది. కొత్తగా పెయింట్ వేసిన నేల మీద తుక్కంతా గలగలా కుమ్మరించారు.

జపాన్ ఆయన లేచాడు. ఆ మొహంలో మొదటిసారి సంతోషం చూశాను. నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని పీసులు ఒక్కొక్కటే తీసి తిప్పి చూడసాగాడు. పదో పీసు దగ్గర ఆగాడు. దాని వెనక పసుప్పచ్చ మైనపు పెన్సిల్‌తో రెండు చిన్న గీతలున్నాయి. ఇంకోటి తీశాడు, ఒక గీత. ఇంకోటి, మూడు.

"ఈ గీతలేమిటి?"

నేను వెంటనే, "లెక్క కోసం సార్, మా ఆపరేటర్లకి అలవాటు" అన్నాను.

"లెక్క కోసం కాదు, హనీ" అంది వెనకనుంచి ప్రెస్సమ్మ.

ఆవిడ నెమ్మదిగా వచ్చి మా పక్కన నిలబడింది. ఆప్రాన్ జేబులోంచి పసుప్పచ్చ పెన్సిల్ తీసింది. "ఒక గీత అంటే, కొత్త రేకు చుట్ట ఎక్కించగానే వచ్చే మొదటి పీసులు. రెండు గీతలంటే, మధ్యాహ్నం అన్నాల తరవాత ప్రెస్సు మళ్ళీ మొదలెట్టినప్పుడు వచ్చేవి, అచ్చు మీద నూనె ఆరిపోయి ఉంటుంది."

"మూడు?"

"మూడు గీతలు షట్టరువి."

"అంటే?"

"ఎందుకో నాకు తెలీదు. షట్టరు తీసి ఉన్న సాయంత్రాలే వస్తాయి అవి. మబ్బు పట్టిన రోజు రావు. ఎప్పట్నుంచో చూస్తున్నాను."

ఆయన అప్పటికే మూడు గీతల పీసులన్నీ ఒక వరసలో పేర్చాడు. ప్రతిదానికీ నాలుగో చిల్లు పక్కకి జరిగి ఉంది. ప్రతిదానికీ.

"ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?" అని అడిగాడు.

ప్రెస్సమ్మ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. "ఎవరూ అడగలేదు" అంది.

పిల్లలూ, ఇక్కడ నా గురించి ఒక ముక్క రాయాలి. ఇది కొట్టేయకండి. అంతకు ముందు సంవత్సరం దుబారా తగ్గించే పేరుతో నేను ఆ మైనపు పెన్సిళ్ళు కొనడం ఆపించాను. ఈ గీతలు ఊసుపోక గీసేవనుకున్నాను. ఆవిడ తన సొంత పెన్సిల్ తెచ్చుకుని గీస్తూ వచ్చింది. నాలుగేళ్ళు రోజుకి నాలుగుసార్లు ఆ ఎర్ర డబ్బాల పక్కనుంచి నడిచాను. ఒక్క పీసు వెనక్కి తిప్పి చూడలేదు. ప్రెస్సుకి కొబ్బరికాయ కొట్టినవాణ్ణి, ప్రెస్సు దగ్గరున్న మనిషిని ఒక్క మాట అడగలేదు.

"ప్రెస్సు నడపండి" అన్నాడు జపాన్ ఆయన. "షట్టరు అలాగే ఉండనివ్వండి."

ప్రెస్సమ్మ బటన్ నొక్కింది. దబ్. దబ్. దబ్. అందరం చుట్టూ మూగాం. యార్డు యజమాని కూడా గడ్డం పట్టుకుని నిలబడ్డాడు, ఉంగరం సంగతి మరిచిపోయి. గడియారం నాలుగు దాటింది. పీసులన్నీ బాగానే వస్తున్నాయి. ఎండ నేల మీద పాకుతోంది. నా బూట్లు దాటింది. ప్రెస్సు కాలు ఎక్కింది. పక్కనున్న చిన్న గాజు కన్ను మీద పడి మెరిసింది.

దబ్.

ప్రెస్సమ్మ పీసు తీసి, వెలుతురుకి పెట్టి చూసి, పెన్సిల్ తీసింది. ఒకటి, రెండు, మూడు గీతలు గీసి ఆయన చేతిలో పెట్టింది.

ఎవరు ముందు అరిచారో తెలియదు. నేనే అయ్యుంటాను. జపాన్ ఆయన షట్టరు వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు, గాజు కన్ను వైపు చూశాడు. చిన్నపిల్లాడిలా గెంతాడు. మీ మీద ఒట్టు, గెంతాడు! రేకు ముందుకి జరిగి సరైన చోటికి వచ్చిందా లేదా అని చూసేది ఆ గాజు కన్నే. ఎండ సూటిగా పడితే దానికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. రేకు ఇంకా రాకముందే వచ్చేసిందనుకుని చిల్లు కొట్టిస్తోంది. పొద్దున షట్టరు దింపేసి ఆ జబ్బుని నా చేతులారా దాచిపెట్టింది నేనే!

ఆయన చుట్టూ చూసి, డోనట్ల పెట్టె మూత చింపి, మడిచి, గాజు కన్ను మీద చూరులా టేపుతో అంటించాడు. "మళ్ళీ."

దబ్. బాగుంది. దబ్. బాగుంది. ఎండ ప్రెస్సు నిండా ఉంది. వంద పీసులు తీశాం. వందా బాగున్నాయి. మా ఓనరు ఆ పెద్దమనిషిని ఎత్తి కావలించుకున్నాడు. ఆయన కొయ్యబొమ్మలా బిగుసుకుపోయాడు గానీ కోప్పడలేదు.

వెళ్ళేముందు మాతో ఇలా అన్నాడు. "ఈ కంపెనీలో చెడ్డ పీసులున్నాయని రాస్తాను. వాటిని చదవగల మనిషి ఉందని కూడా రాస్తాను. అలాంటివాళ్ళతో పనిచేయొచ్చు." తరవాత ప్రెస్సమ్మ ముందుకి వచ్చి నడుము దాకా వంగి నమస్కారం పెట్టాడు. ప్రెస్సమ్మకి ఏం చేయాలో తోచక ఒక డోనట్ చేతిలో పెట్టింది. ఆయన అక్కడే నిలబడి మొత్తం తిన్నాడు.

ఆర్డరు వచ్చింది. టార్పాలిన్లు ఒక్కొక్కటే తీశాం. నా కాగితాలు నడిచాయి. ఆ మర్నాటినుంచీ మా ఫ్యాక్టరీలో కొత్త ఆచారం మొదలైంది. రోజూ మూడింటికి అందరూ ఎర్ర డబ్బా చుట్టూ నిలబడి చెడ్డ పీసులు చదవాలి. సాయంత్రం దాకా ఒక్క చెడ్డ పీసు కూడా గడప దాటకూడదు. పాఠం చెప్పేది ప్రెస్సమ్మ. పెన్సిళ్ళు తెచ్చి అందించేది నేను.

యార్డు యజమానికి క్షమాపణ చెప్పాలని మా ఆవిడ పట్టుబట్టింది. ఆ తరవాతి ఆదివారం డబ్బా నిండా సకినాలు పోసి పంపింది. ఆయన ఒకటి తీసి వెలుతురుకి పెట్టి, "ఇవేం వాషర్లు?" అన్నాడు. కొరికాక ఇంకో నాలుగు తిన్నాడు.

"ఉంగరం అబద్ధం" అన్నాను తల దించుకుని.

"తెలుసు" అన్నాడు. "మీ ఆవిడ ఫోన్‌లో ఏడ్చిన తీరుకే తెలిసింది. మా ఆవిడ కూడా అలాగే ఏడుస్తుంది. కానీ తుక్కు కోసం ఒక మనిషి కళ్ళల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. అందుకని ఇచ్చేశాను."

ఇంతదాకా విని, స్నేహితుడి కూతురు ల్యాప్‌టాప్ మీద చేతులు ఆపింది. "కథ సూపర్ అంకుల్. కానీ నాకు ఇది యూజ్ అవ్వదు."

"ఎందుకని?"

"మీరు ఆ కంపెనీకి సప్లయర్. వాళ్ళు మీకు నేర్పించారు, ఓకే. పైగా మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు వాళ్ళ దగ్గరికే వెళ్ళిపోయి ఉంటారు, ఎక్కువ జీతానికి."

"ముగ్గురు వెళ్ళారు. మా ఓనరు నెల రోజులు అలిగాడు."

"చూశారా! రియల్ స్పిల్‌ఓవర్ అంటే, ఆ కంపెనీతో ఏ కనెక్షన్ లేనివాళ్ళకి కూడా రీచ్ అవ్వాలి. దానికి మీ దగ్గర ప్రూఫ్ ఉందా?"

నా దగ్గర లేదు. లేదని ఒప్పుకోవడం నా ఒంటికి పడదు. కాబట్టి, "ఉంది, కారెక్కు" అన్నాను.

మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఇళ్ళ ముందు పాతే ఇనప పోస్ట్‌బాక్సులు చేసే చిన్న షెడ్డు ఒకటుంది. అందులో పదిమంది పనిచేస్తారు. జపాన్‌కీ వాళ్ళకీ ఏ సంబంధమూ లేదు. అమ్మేది ఊళ్ళోనే. మా పోస్ట్‌బాక్సుని నేనే కారుతో గుద్దేశాను కాబట్టి ఎలాగూ కొత్తది కావాలి. అక్కడ పదిమంది పనివాళ్ళని మాటల్లో పెట్టి, ఏదో ఒకటి చూపించి ఆ పిల్లని నమ్మించొచ్చని నా ఎత్తు. అంతకు మించి నాకేం తెలియదు, ఒట్టు.

గుమ్మం పక్కనే ఎర్ర డబ్బా ఉంది.

నేను ఆగిపోయాను. పిల్ల నాకన్నా ముందు వంగి, ఒక వంకర మూత తీసి వెనక్కి తిప్పింది. పసుప్పచ్చ గీతలు. రెండు.

"ఎక్స్‌క్యూజ్ మీ, ఈ గీతలేంటి?" అని అడిగింది అక్కడున్న కుర్రమేనేజర్ని.

"రెండంటే, లంచ్ తరవాత వచ్చినవి" అన్నాడతను, ఇది కూడా తెలియదా అన్నట్టు. "మూడింటికి అందరం చూస్తాం."

"ఎవరు నేర్పించారు?"

"తెలీదు. నాకు ముందునుంచే ఉంది. ఎవరో ప్రెస్ ఆపరేటర్ తెచ్చిందంటారు." అని భుజాలెగరేశాడు.

ప్రెస్సమ్మ ఎప్పుడో రిటైరైంది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఎటెటు వెళ్ళారో మేమెవరం రాసిపెట్టుకోలేదు. నాకు ఆ మూత ముట్టుకోవాలనిపించింది. ముట్టుకుంటే ఏడుస్తానేమోనని ఊరుకున్నాను.

పిల్ల మూతని గుండెకి హత్తుకుంది. "ఇది నేను తీసుకెళ్ళొచ్చా? ప్లీజ్?"

"కుదరదు" అన్నాడు మేనేజరు. "చెడ్డ పీసు సాయంత్రం దాకా గడప దాటకూడదు. రూల్."

అబద్ధం చెప్పడం రాని పిల్ల అది. వాళ్ళ నాన్న పెంపకం అలాంటిది. ఒకసారి నా వైపు చూసింది, ఒకసారి ఎర్ర డబ్బా వైపు చూసింది. కళ్ళు పెద్దవి చేసింది.

"సార్," అంది, "మా అమ్మ పెళ్ళి ఉంగరం అందులో పడిపోయింది."